గిడుగు వారి సవర పని

దక్షిణ ఒడిశాలో జయపురం, కోరాపుట్, రాయగడ, గుణుపురం కాలేజీల వైపు వెళ్తే ఒక మాట చెవిన పడుతుంది: "కొండ ఊళ్ళ పిల్లలు చేరుతున్నారండీ, నిలవడం లేదు. బేసిక్స్ ఉండవు." చేరడం ఇప్పుడు మునుపటంత కష్టం కాదు. హాస్టళ్ళున్నాయి, స్కాలర్‌షిప్పులున్నాయి. అయితే ఇంటి మొత్తంలో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన అమ్మాయికి సీటు దొరకడం ఒక ఎత్తు, మూడేళ్ళ తర్వాత పట్టా చేతికి రావడం ఇంకో ఎత్తు. ఆ మధ్యలో జారిపోయినవాళ్ళ సంగతి వచ్చినప్పుడు తప్పు పిల్లల మీదికే పోతుంది. బేసిక్స్ అంటే పిల్లలు ఇంటి నుంచి మూటగట్టి తెచ్చుకోవాల్సిన సరుకన్నట్టు మాట్లాడతాం. ఎవరో ఒకరు ఓపిగ్గా కూర్చుని, ఆ పిల్లల నోటి భాషలో, వాళ్ళ లెక్కలో వాటిని తయారుచేసి పెట్టాలి. ఆ తయారీ ఎలా ఉంటుందో పంతొమ్మిదో శతాబ్దం చివర ఈ తూర్పు కనుమల్లోనే ఒక బడిపంతులు చేసి చూపించారు. ఆయన గిడుగు వెంకట రామమూర్తి.

ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం సభల్లో గిడుగు వారి పేరు మారుమోగుతుంది. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటం గురించి గంటలకొద్దీ మాట్లాడతారు. "సవరలకు కూడా సేవ చేశారు" అని ఒక్క వాక్యంతో మిగతా జీవితాన్ని దాటేస్తారు. ఆ ఒక్క వాక్యంలో ముప్పై అయిదేళ్ళ పని ఉంది. దాన్ని సేవ అనడం నాకు చాలదు. అది పనితనం. ఏది ముందు చేయాలి, ఏది తర్వాత చేయాలి, ఎక్కడ తొందర పడకూడదు అన్నవి ఎరిగి చేసిన పని. అందుకే దాన్ని దగ్గరగా చూడాలనిపించింది.

ఆయన 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. మెట్రిక్యులేషన్ అయిన వెంటనే, 1880లో, పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. ఎఫ్.ఏ., బి.ఏ. పరీక్షలు ఉద్యోగం చేస్తూ ప్రైవేటుగా చదివి నెగ్గారు. ఈ చిన్న సంగతి నాకు చాలా ముఖ్యం. కాలేజీలో కూర్చుని చదివే తీరిక, డబ్బు లేని విద్యార్థి బాధ ఆయనకు ఒకరు చెప్పగా తెలిసింది కాదు. ముఖలింగం గుడిలోని శాసనాలు చదవడం కూడా అలా సొంతంగా నేర్చుకున్నదే.

పర్లాకిమిడి చుట్టూ కొండల్లో సవరలనే ఆదివాసుల ఊళ్ళు. అటు గుణుపురం దాకా అదే సీమ. ఇప్పుడు రాయగడ జిల్లాలో ఉన్న గుణుపురం అప్పుడు జయపురం సంస్థానంలో, విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలో భాగం. సంతలోనైనా కచేరీలోనైనా సవర మనిషి మాట అవతలివాళ్ళకు అర్థం కాదు, వాళ్ళ మాట ఇతనికి అర్థం కాదు. మధ్యలో నిలబడి మాట మార్చి చెప్పేవాడి దయ. వీళ్ళకు చదువు చెప్పాలన్న కోరిక గిడుగు వారికి కలిగింది. అలాంటి కోరిక చాలామందికి కలుగుతుంది. కలిగిన వెంటనే ఒక బడి కట్టి, తెలుగు పెద్దబాలశిక్ష పంచిపెట్టి, ఆనక "వీళ్ళకు చదువు అబ్బదు" అని తేల్చేసే దారి అప్పుడూ ఉంది.

ఆయన మొదట పుస్తకం రాయలేదు, విన్నారు. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లో పెట్టుకుని, ఏళ్ళ తరబడి అతని దగ్గర భాష నేర్చుకున్నారు. కొండ ఊళ్ళకు వెళ్ళి వాళ్ళ మాటలు, కథలు, పాటలు రాసుకున్నారు. ఆ తిరుగుళ్ళలో మలేరియా పట్టుకుంది. క్వినైన్ ఎక్కువగా వాడాల్సి వచ్చింది, దాంతో వినికిడి దెబ్బతింది. చెవి మీదే ఆధారపడిన పనికి చెవినే ఇచ్చుకోవాల్సి వచ్చింది. అయినా పని ఆపలేదు.

ఇక పనిలోకి దిగి చూద్దాం. మొదటి చిక్కు ధ్వనులది. తెలుగు అక్షరమాల పట్టుకుని సవర రాయబోతే ఒక పక్క అక్షరాలు మిగిలిపోతాయి, ఇంకో పక్క చాలవు. సవరలో సొంత మాటలకు మహాప్రాణాల అవసరం లేదు. ఖ, ఘ, ఛ, ఝ లాంటివన్నీ ఆ పిల్లవాడికి ఏ వస్తువునూ గుర్తుచేయని గీతలు. వాటిని దిద్దిస్తూ కూర్చుంటే మొదటి నెలలు వృథా. మరో పక్క, గొంతులో ఊపిరిని ఠక్కున బిగబట్టి పలికే ధ్వని ఒకటి సవరలో మాటల్ని వేరుచేస్తుంది. దానికి తెలుగులో గుర్తు లేదు. మాట చివరి హల్లుల్ని పూర్తిగా వదలకుండా నొక్కిపట్టి పలకడం కూడా ఉంది. వినడానికి చిన్న తేడా. వదిలేస్తే మాట వేరే మాట అవుతుంది. గిడుగు వారు ఈ తేడాల్ని పట్టుకోవడం కోసం అప్పుడప్పుడే బయటికొస్తున్న ధ్వనిశాస్త్ర గ్రంథాలు తెప్పించుకుని చదివారు. తర్వాత వ్యాకరణం అచ్చువేసినప్పుడు ధ్వని లిపిలో ఒక్కొక్క అచ్చునూ వేరుచేసి చూపించారు. పర్లాకిమిడిలో ఉన్న ఒక స్కూలు మాస్టరు, యూరప్‌లో విశ్వవిద్యాలయాల పండితులు చేస్తున్న పనికి దీటైన పని చేశారు. అది ఒక పిల్లవాడికి అక్షరాలు నేర్పడం కోసం మొదలైన పని.

రెండో చిక్కు మాటల కట్టడిది. సవర క్రియ తనలోకి నామవాచకాల్ని ఇముడ్చుకుంటుంది. "నేను నా తలకు నూనె రాసుకుంటాను" అన్నదంతా ఒకే మాట. రాయడం, నూనె, తల, తనకు తాను అన్న అర్థం, కాలం, చేసేవాడు అన్నీ వరసగా దూరి కూర్చుంటాయి. తలంటుకోవడం అనే మాట ఉన్న మనకు ఇది బొత్తిగా కొత్త కాదు గానీ, సవర దీన్ని చాలా దూరం తీసుకెళ్తుంది. పైగా క్రియలో చేరేటప్పుడు నామవాచకం తన పొడవాటి రూపం వదిలేసి పొట్టి రూపం వేసుకుంటుంది. పులికి విడిగా ఒక రూపం, క్రియలో ఇంకో రూపం. ఈ జతలు తెలియనివాడు నిఘంటువు పట్టుకుని సవర వాక్యం విప్పలేడు. గిడుగు వారు వాటిని ఓపిగ్గా పోగుచేసి, ఉదాహరణలతో చూపించారు. ఇప్పటికీ భాషాశాస్త్రజ్ఞులు ఈ లక్షణం గురించి రాసేటప్పుడు ఆయన 1931 పుస్తకంలోని వాక్యాలను ఎత్తి చూపిస్తారు. ఆయన వాటిని పండితుల కోసం వెతకలేదు. సవర పిల్లవాడు నోరు తెరిస్తే వచ్చే వాక్యం ఏమిటో తెలియనిదే వాచకంలో మొదటి పాఠం రాయలేరు కనుక వెతికారు.

మూడోది నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం, లెక్క. సవరలో పన్నెండు దాకా ఒక్కొక్క అంకెకూ ఒక్కో పేరు. పదమూడు అంటే పన్నెండూ ఒకటి. పంతొమ్మిది అంటే పన్నెండూ ఏడు. ఆపైన ఇరవై, అంటే ఒక కొడి. ముప్పై మూడు కావాలంటే ఒక ఇరవై, ఒక పన్నెండు, ఒకటి. తొంభై మూడంటే నాలుగు ఇరవైలూ పన్నెండూ ఒకటి. పన్నెండునూ ఇరవైనీ ఇలా కలిపి వాడే లెక్క లోకంలో అరుదు. ఇప్పుడు రెండో తరగతి గదిని ఊహించండి. పంతులు నల్లబల్ల మీద 37 రాసి "మూడు పదులు, ఏడు ఒకట్లు" అంటారు. సవర పిల్లకు ముప్పై ఏడంటే ఒక ఇరవై, ఒక పన్నెండు, అయిదు. ఆ పిల్ల తప్పు చెప్పడం లేదు, వేరే లెక్క చెబుతోంది. కూడడం, తీయడం ఆమెకు వచ్చు, సంతలో చేస్తూనే ఉంటుంది. ఆ సంగతి తెలిసిన పంతులు ఒక వారం రోజులు ఇరవైల్లోంచి పదుల్లోకి నడిపిస్తారు. తెలియని పంతులు "లెక్కలు రావు" అని రిజిస్టరులో రాసేస్తారు. ఆ రాత పదేళ్ళ తర్వాత కాలేజీలో "బేసిక్స్ లేవు" అనే మాటగా తిరిగొస్తుంది.

పుస్తకాలతోనే బడి నడవదని ఆయనకు తెలుసు. సవరల కోసం సొంత డబ్బుతో బడులు పెట్టారు, ఉపాధ్యాయుల జీతాలు తానే ఇచ్చుకున్నారు. ఒక స్కూలు మాస్టరు సంపాదన ఎంత ఉంటుందో ఆలోచిస్తే ఈ మాట బరువు తెలుస్తుంది. మద్రాసు ప్రభుత్వం ఆయన సవర పుస్తకాలకు ప్రతిఫలం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవరలకు ఒక మంచి బడి నడపమని అడిగారని చెబుతారు. 1913లో రావు బహదూర్ బిరుదు వచ్చింది. 1931లో సవర భాషా వ్యాకరణాన్ని ప్రభుత్వం అచ్చువేసింది, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును. వరస గమనించండి: చెవి, రాత, వాచకం, పంతులు, జీతం, ఆ తర్వాతే పెద్ద పుస్తకం. పేరు తెచ్చిపెట్టే గ్రంథం అన్నిటికన్నా వెనక వచ్చింది. విద్యా పథకాల్లో ఈ వరస తలకిందులుగా నడవడం మనం చూస్తూనే ఉన్నాం. ముందు శిలాఫలకం, ఆఖరున పంతులు.

తెలుగు వ్యావహారికోద్యమానికీ ఈ పనికీ ఉన్న బంధం గురించి ఒక్క మాట. విశాఖలో స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్ లేవనెత్తిన ప్రశ్నల దగ్గర 1907 ప్రాంతంలో ఆ ఉద్యమం మొదలైందని చరిత్ర చెబుతుంది. నిజమే. అయితే అప్పటికే ఏళ్ళుగా సవర పిల్లలకు వాళ్ళ నోటి మాటలో పాఠాలు కడుతున్న మనిషి, తెలుగు పిల్లలు మాత్రం ఇంట్లో ఎవరూ మాట్లాడని భాషలో ఎందుకు పరీక్ష రాయాలని అడగకుండా ఎలా ఉంటారు? మన బడి పుస్తకాల్లో ఈవేళ మనం చదువుకుంటున్న తెలుగు కొంత సవర కొండల మీద నుంచి దిగి వచ్చిందని నేను నమ్ముతాను.

ఇంత దూరం వచ్చాక కాలేజీ సంగతికి తిరిగి వెళ్ళాలి. చిన్న పిల్లల వాచకానికీ డిగ్రీ పట్టాకూ సంబంధమేమిటని అడగవచ్చు. జవాబుగా దూరదేశపు ఉదాహరణ ఒకటి చెబుతాను. న్యూయార్క్ సిటీ యూనివర్సిటీ 2007లో తన కమ్యూనిటీ కాలేజీల్లో ఏశాప్ అనే పథకం పెట్టింది. కమ్యూనిటీ కాలేజీలంటే స్కూలు చదువయ్యాక రెండేళ్ళ కోర్సులు చెప్పే తక్కువ ఫీజు ప్రభుత్వ కాలేజీలు. పేదవాళ్ళు, పని చేసుకుంటూ చదివేవాళ్ళు, ఇంట్లో మొదటిసారి కాలేజీకి వచ్చినవాళ్ళు అక్కడే చేరతారు, అక్కడే ఎక్కువగా ఆగిపోతారు. ఏశాప్ చేసిందేమిటి? ఫీజులో స్కాలర్‌షిప్పు తీర్చని భాగాన్ని మాఫీ చేసింది. పుస్తకాలు ఉచితంగా ఇచ్చింది. క్లాసుల్ని ఒకే పూటలోకి సర్దింది, మిగతా పూట పనికి వెళ్ళేందుకు. మామూలుగా ఒక సలహాదారుకి ఆరు వందల నుంచి పదిహేను వందల మంది విద్యార్థులుండే చోట, అరవై ఎనభై మందికి ఒకరిని పెట్టింది. బస్సుకీ రైలుకీ పనికొచ్చే మెట్రోకార్డు నెలనెలా ఇచ్చింది. ఆ కార్డు అందాలంటే సలహాదారుని కలవడం లాంటి నియమాలు పాటించాలి. ఈ కార్డు దగ్గర పనితనం చూడండి. ప్రయాణ ఖర్చు తీరింది, పిల్లవాడు నెలకోసారి తన క్షేమం అడిగే మనిషి ఎదుట కూర్చోక తప్పలేదు.

పునాది తరగతులు మళ్ళీ చదవాల్సినంత వెనకబడి ఉన్న పేద విద్యార్థులు 896 మందిని చీటీలు వేసినట్టు రెండు గుంపులు చేసి ఈ పథకాన్ని పరీక్షించారు. మూడేళ్ళలో పట్టా పొందినవాళ్ళు ఈ పథకంలో నూటికి నలభై మంది, పథకం బయట ఇరవై ఇద్దరు. తలకు ఖర్చు అరవై శాతం దాకా పెరిగింది. అయినా పూర్తి చేసినవాళ్ళు అంతగా పెరిగారు కనుక, ఒక్కో పట్టాకు అయిన ఖర్చు మాత్రం తగ్గింది. ఒహాయో రాష్ట్రంలో మూడు కాలేజీలు అదే నమూనా ఎత్తుకుంటే అక్కడా ఫలితం దాదాపు రెట్టింపైంది. న్యూయార్క్ వాళ్ళకు గిడుగు ఎవరో తెలిసి ఉండదు. కానీ పని తీరు ఒకటే. విద్యార్థి రోజు ఎలా గడుస్తుందో ముందు చూడాలి, ఎక్కడెక్కడ తెగుతోందో అక్కడక్కడ అతుకు వేయాలి, ఆ అతుకు దగ్గర ఒక మనిషిని జీతమిచ్చి కూర్చోబెట్టాలి.

మా సీమలో కాలేజీలు కట్టినవాళ్ళకు కొరత లేదు. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చేవారు. వాల్తేరులో సైన్సు కాలేజీ ఆయన పేరు మీదే ఉంది. జయపురంలో 1947లో మొదలైన విక్రమదేవ కళాశాల ఇప్పుడు విశ్వవిద్యాలయం. సునాబెడలో కేంద్రీయ విశ్వవిద్యాలయం 2009లో వచ్చింది. ఇవన్నీ పై అంతస్తులు. వాటిని తక్కువ చేయడం లేదు. రాజు కట్టిన మేడకూ పంతులు రాసిన వాచకానికీ మధ్య మెట్లు ఎవరు వేస్తారన్నదే నన్ను పట్టిన ప్రశ్న. గుణుపురం సీమ నుంచి వచ్చిన గిరిధర్ గమాంగ్ 1999లో ఒడిశా ముఖ్యమంత్రి అయ్యారు, అంతకుముందు కోరాపుట్ నుంచి మళ్ళీ మళ్ళీ ఎంపీగా గెలిచారు. అది సవరలందరూ గర్వించే సంగతి. కానీ ఒక్కరు శిఖరం ఎక్కడం వేరు, తరగతిలో చేరిన నలభై మందిలో ముప్పై అయిదుగురు చివరిదాకా నడవడం వేరు. రెండోదానికి గిడుగు తరహా పనే కావాలి.

ఆ పని పూర్తిగా ఆగిపోలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక బోధన మొదలుపెట్టింది: సవర, కువి, కొండ, కోయ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒడియా. రెండేళ్ళ తర్వాత ఒడిశా పది భాషలతో మొదలుపెట్టింది, ఆనక ఇంకొన్ని కలిపింది. పద్ధతి అదే. పిల్ల మొదట తన భాషలో చదవడం నేర్చుకుంటుంది, ఆ మీద రాష్ట్ర భాషను కొద్దికొద్దిగా చేరుస్తారు.

మాచ్‌ఖండ్ దగ్గర నిలబడి చూస్తే ఈ పద్ధతిలోని చిక్కులు కళ్ళకు కడతాయి. అక్కడ ఏరే ఆంధ్ర, ఒడిశాలకు సరిహద్దు. డుడుమా దగ్గర దూకే ఆ నీళ్ళతో 1955 నుంచి ఒనకడిల్లీ పవర్‌హౌస్ తిరుగుతోంది, ఆంధ్ర, ఒడిశా కరెంటు పంచుకుంటున్నాయి. ప్రాజెక్టు కాలనీలో తెలుగు, ఒడియా కలిసి బతుకుతాయి. కొండ ఊళ్ళలో గదబలు, పరజాలు, డిడాయిలు, బోండాలు. సంతలో అందరినీ కలిపేది దేశియా. ఆ దేశియానే అరకు వైపు ఆదివాసీ ఒడియా అంటారు. ఏటికి అవతల దాన్ని తెలుగు లిపిలో పిల్లలకు నేర్పారు, ఇవతల ఒడియా లిపి. మేనత్త ఊరికి వెళ్ళిన పిల్లకు తన మాటే కొత్త అక్షరాల్లో కనిపిస్తుంది. గదబల సంగతి ఇంకా సూక్ష్మం. గదబ అన్న ఒకే పేరు కింద రెండు కుటుంబాల భాషలున్నాయి. గుతోబ్ సవరకు చుట్టం, ముండా కుటుంబం. ఒల్లారి, కొనెకోర్ మన తెలుగుకు చుట్టాలు, ద్రావిడ కుటుంబం. "గదబ పిల్లలకు గదబ వాచకం" అని ఆఫీసులో కాగితం తయారైతే సరిపోదు. ఏ ఊరికి ఏ గదబ అన్నది ఊళ్ళోకి వెళ్ళి విన్నవాడే చెప్పగలడు.

విన్నవాళ్ళు ఉన్నారు. ఊవె గుస్తాఫ్‌సన్ అరకు లోయలో పనిచేసి తయారుచేసిన ఆదివాసీ ఒడియా–తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును మైసూరులోని భారతీయ భాషల కేంద్ర సంస్థ 1989లో అచ్చువేసింది. పక్కన తెలుగు పెట్టడంలోనే ఆలోచన ఉంది. ఆ పిల్లవాడు రేపు వెళ్ళాల్సిన బడి తెలుగు బడి. తన మాట నుంచి తెలుగు మాటకు నడిచే దారి ఒకే పేజీలో దొరుకుతుంది. పేరి భాస్కరరావు కొనెకోర్ గదబ మీద 1980లో పుస్తకం తెచ్చారు. ఇవి పండితుల అలమరల్లో ఉన్నాయి. బి.ఇడి. చదివే పిల్లల చేతుల్లో కూడా ఉండాలి.

సవరలు తమ కోసం తాము చేసుకున్న పని గురించి చెప్పకపోతే ఈ కథ ఒంటి చెయ్యి కథ అవుతుంది. 1936లో మంగెయి గమాంగ్ సోరాంగ్ సొంపెంగ్ అనే లిపిని సృష్టించారు. ఇరవై నాలుగు అక్షరాలు, ఒక్కొక్కటి ఒక్కో దేవత పేరుతో ముడిపడినవి. అక్షరం నేర్చుకోవడమూ మొక్కుకోవడమూ ఒకటే చేశారు. తెలుగు, ఒడియా, రోమన్ లిపులు మూడూ సవర మీదికి బయటి నుంచి వస్తున్న కాలంలో, వాళ్ళు నాలుగోదాన్ని తమ కొండ మీదే చెక్కుకున్నారు. 2012లో అది యూనికోడ్‌లో చేరింది, కాబట్టి ఈవేళ ఫోన్ తెర మీద రాయవచ్చు. అదే 1936 ఏప్రిల్‌లో ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి అందులో కలిసింది, గిడుగు వారు రాజమండ్రికి వెళ్ళిపోయారు. 1940 జనవరిలో కన్నుమూశారు. కొడుకు సీతాపతి సవర పనిని కొనసాగించారు. గిడుగు వాడిన ధ్వని లిపి నిలవలేదనీ, మంగెయి లిపి నిలిచిందనీ కొందరు పోటీ పెట్టి చూస్తారు. నాకది పోటీగా కనిపించదు. ఒకరు సవర మాటలోని ప్రతి ధ్వనినీ లెక్కపెట్టి అచ్చుకెక్కించారు, ఇంకొకరు ఆ మాటకు ఇల్లు కట్టారు.

తక్షణం చేయగలిగిన పని ఒకటుంది. అమెరికాలో బాల్టిమోర్ కౌంటీ కమ్యూనిటీ కాలేజీ 2007లో ఒక చిన్న మార్పు చేసింది. ఇంగ్లీషులో వెనకబడిన విద్యార్థిని ముందు విడిగా పునాది తరగతిలో కూర్చోబెట్టే బదులు, మామూలు తరగతిలోనే చేర్చి, దాని వెంటనే అదే పంతులు దగ్గర అదనపు గంట పెట్టారు. పాఠం ఆగదు, పునాదీ పడుతుంది. గుణుపురంలో, జయపురంలో మొదటి సెమిస్టర్లో అలాంటి గంట పెడితే అందులో ఏముండాలో గిడుగు వారి పుస్తకాలు చెబుతాయి. సవర, దేశియా, గుతోబ్ వచ్చిన సీనియర్ విద్యార్థిని జీతమిచ్చి ఆ గంటకు సహాయకుడిగా పెట్టాలి. లెక్కల పాఠం ఇరవైల నుంచి మొదలుపెట్టాలి. కాలేజీ ఒడియాలో, ఇంగ్లీషులో వచ్చే పెద్ద మాటల్ని ఒక్కొక్కటే వాళ్ళ భాషలో విప్పి చర్చించాలి. నెలకోసారి, బస్సు పాసు ఇచ్చే చేత్తోనే, ఇంటి దగ్గర కోతలెప్పుడు, నాన్నకు ఒంట్లో ఎలా ఉంది, వచ్చే వారం రాగలవా అని అడగాలి. ఇందులో కొత్త భవనం అవసరమైనది ఏదీ లేదు. ఒక గది, ఒక గంట, ఇద్దరు ముగ్గురి జీతం చాలు. ఆ జీతం బడ్జెట్లో ఎక్కడ రాయాలన్నది వచ్చే అడ్మిషన్లు మొదలయ్యేలోపు తేల్చుకోవాలి.